పాత ఇంటికి అతిథులొస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

తాతల నాటి ఇంట్లో రెండు మూడు అర్రలు బాగుచేసి, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు పడక, పొద్దున టిఫిన్ ఇచ్చే ఆలోచన ఉంటే రాయండని పోయిన సంచికలో అడిగాం. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి, ఎక్కువగా పాలమూరు, నల్లగొండ వైపు నుంచే. రావాల్సిందే మరి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట... నిజాం కింద ఉన్న సంస్థానాల్లో ఇన్ని ఒక్క పాలమూరు జిల్లాలోనే ఉండేవి, నల్లగొండ వైపు దేశ్‌ముఖుల గడీలు (దొరల కోటల్లాంటి ఇళ్లు) సరేసరి. కొన్నింట్లో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ ఉంది, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. కానీ సంస్థానాధీశుల మేడల కంటే, వాళ్ల దగ్గర కొలువు చేసినవాళ్లూ పట్వారీలూ షావుకార్లూ కట్టుకున్న మామూలు భవంతులే ఎక్కువ పాడుబడుతున్నాయి, ఉత్తరాలూ అలాంటి ఇళ్ల నుంచే ఎక్కువ. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊరి వైపు మాత్రం చెబుతున్నాం.

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర. తాతగారు కట్టించిన రెండంతస్తుల ఇల్లు. కింద అమ్మా నేనూ ఉంటున్నాం, పైన మూడు అర్రలు ఖాళీగా ఉన్నాయి. హోటల్ పెట్టేంత స్తోమత లేదు. అతిథులను ఉంచుకోవాలంటే ఏమేం పర్మిషన్లు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు మీ ఇంటి కాగితాలు బయటికి తీయండి. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉందా, పంపకాలు అయ్యాయా, మేనత్తలకు రావాల్సిన వాటా సంగతి తేలిందా? అన్నీ నోటి మాట మీద నడుస్తున్నంత కాలం ఎవరికీ పట్టదు, ఇంటికి నాలుగు రూపాయలు రావడం మొదలైన రోజునే వాటాలు గుర్తొస్తాయి. మీరు లక్షలు పోసి బాగుచేశాక పంచాయితీ పెట్టుకోవడం కంటే, ఇప్పుడే అందరినీ కూర్చోబెట్టి రాత కోతలు చేసుకోవడం మేలు.

పర్మిషన్ల విషయానికొస్తే మీరు భయపడేంత లేదు. కేంద్ర పర్యాటక శాఖకు ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అనే పథకం ఉంది, సరిగ్గా మీలాంటి ఇళ్ల కోసమే. ఒక గది నుంచి ఆరు గదుల దాకా, మొత్తం 12 పడకలకు మించకుండా ఇవ్వొచ్చు, సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు ఉంటాయి. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు, అది మీకు కలిసొచ్చేదే. దీంతోపాటు పంచాయతీకి గానీ మున్సిపాలిటీకి గానీ చెప్పి ఇంటి పన్ను సంగతి తేల్చుకోండి, వండి పెడతారు కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించండి, వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో రాయించండి, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచండి. విదేశీయులు దిగితే మాత్రం 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఆ వివరం పంపి తీరాలి, ఇందులో అశ్రద్ధ పనికిరాదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి, మూడు అర్రలతో ఇప్పట్లో ఆ టెన్షన్ మీకు ఉండదనుకుంటా.

ఒక్క అర్రతో మొదలుపెట్టండి. మిగతా రెండూ ఆ డబ్బుతోనే బాగవుతాయి.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. మా పాత ఇంటి గోడలు మట్టి, రాయి, సున్నంతో కట్టినవి. కొన్నేళ్ల కింద మేస్త్రీ చెప్పాడని లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి పెయింట్ వేయించాం. ఇప్పుడు నేల నుంచి నడుము ఎత్తు దాకా పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచిపోతోంది, తెల్లగా ఉప్పు పొంగుతోంది, తలుపు మూసి తీస్తే ముక్కిన వాసన. అతిథులను ఎలా ఉంచను? మళ్లీ సిమెంటే గట్టిగా కొట్టిస్తే పోతుందా?

జవాబు: పోదు, ఇంకా పెరుగుతుంది. ఈ సమస్య గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పాత ఇళ్లకు పునాదిలో తేమ ఆపే పొర ఉండదు. నేలలోని తడి మెల్లగా గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, ఎప్పుడూ ఎక్కింది. అయినా మీ తాతల కాలంలో ఈ గోడలు పొడిగా ఎందుకున్నాయంటే, పైనున్న సున్నపు గచ్చు ఆ తడిని పట్టి ఉంచకుండా గాలికి వదిలేసేది. ఎంత ఎక్కితే అంత ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. బయటికి పోలేని నీళ్లు గోడలోనే పైపైకి ఎక్కుతాయి, మట్టిలో ఉన్న ఉప్పును కరిగించి వెంట తెస్తాయి, ఎక్కడ చిన్న సందు దొరికితే అక్కడ నీరు ఆరిపోయి ఉప్పు గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టే ఉప్పే మీ ప్లాస్టరింగ్‌ను లోపలి నుంచి తోస్తోంది. పైన ప్లాస్టిక్ పెయింట్ కూడా వేశారు కాబట్టి గోడకు ఊపిరే లేదు. ఇంకోసారి సిమెంటు కొడితే ఇప్పుడు నడుము దాకా ఉన్న తడి భుజాల దాకా వస్తుంది, లోపల మట్టి మెత్తబడితే గోడే కూర్చుంటుంది.

చేయాల్సింది ఇది. ఎండాకాలం మొదట్లోనే లోపలా బయటా ఆ సిమెంటు చెక్కించేయండి. సుత్తితో బాదొద్దు, ఉలితో నెమ్మదిగా, లేకపోతే వెనకున్న మట్టి రాలిపోతుంది. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లు పోసి కడిగారో మళ్లీ లోపలికే పోతుంది. ఎండలు ముదిరినంత కాలం గోడను అలాగే ఒట్టిగా వదిలేయండి. చూడ్డానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు, పట్టించుకోవద్దు. ఈలోగా ఇంటి చుట్టూ నేల చూడండి. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి మొరం పోసి పోసి, సీసీ రోడ్డు వేసి, వీధి ఇంటి గడప కంటే ఎత్తయింది, వాన నీళ్లన్నీ గోడ పాదంలోకే వస్తున్నాయి. మీదీ అంతేనేమో చూడండి. నీళ్లు గోడ నుంచి దూరంగా పోయేలా వాలు తీయండి. సగం రోగం అక్కడే తగ్గుతుంది.

ఆ తర్వాత సున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో విరిచి, కొన్ని వారాలు నానబెట్టి, జల్లెడ పట్టిన ఇసుకతో కలిపి గానుగలో తిప్పితే వచ్చేదే డంగు సున్నం. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల ఇసుక, కొంచెం ఇటుక పొడి, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. ఇవన్నీ పెద్ద మేస్త్రీలకు ఇప్పటికీ తెలుసు, గుడుల మరమ్మతులు చేసేవాళ్లను అడగండి, దొరుకుతారు. సున్నం సిమెంటులాగా రాత్రికి రాత్రి గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల పాటు రాయిగా మారుతుంది, అందుకే పలచని పొరలుగా వేసి, గోనెపట్టా తడిపి కప్పి, తొందరపెట్టకుండా ఆరనివ్వాలి. సున్నం విరిచేటప్పుడు అది సలసలా మసులుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పైన పెయింట్ వద్దు, వెల్ల వేయండి. కావాలంటే అందులోనే ఎర్రమట్టి, పసుపు మట్టి రంగు కలుపుకోవచ్చు.

ఖర్చు సిమెంటు కంటే ఎక్కువే, పనివాళ్లూ ఎక్కువ రోజులు పడతారు. కానీ మందపాటి గోడ, సున్నపు గచ్చు ఉన్న అర్రలో మే నెలలో ఫ్యాన్ కింద పడుకుంటే ఏసీ గుర్తుకు రాదు, మీ అతిథి డబ్బు ఇచ్చేది దానికే. కామారెడ్డి వైపు దోమకొండ కోటను చూసి రండి. ఆ వంశీకులే బాగుచేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది.

ఇంకో మాట, అడక్కపోయినా చెబుతున్నాను. పాత మిద్దె మీద కాంక్రీటు స్లాబు పోయించొద్దు, కింద దూలాలు ఆ బరువుకు పెట్టినవి కావు. బాత్రూమ్‌లు పాత గోడలకు ఆనించి గానీ, పై అంతస్తులో గానీ కట్టొద్దు. వెనక పెరట్లో వేరే పునాది తీసి కట్టి, వసారాతో కలపండి. అర్రలోనే బాత్రూమ్ లేదని ఒకరిద్దరు అతిథులు గొణిగితే గొణగనీ.

ప్రశ్న: మాది కల్వకుర్తి వైపు. మా ఇంట్లో నిజాం మూడు రాత్రులు బస చేశాడని మా మామగారు చెప్పేవారు. మా అబ్బాయి ఆ అర్రకు ‘నిజాం సూట్’ అని పేరు పెట్టి బోర్డు రాయిస్తానంటున్నాడు, అలా అయితే రేటు ఎక్కువ పెట్టొచ్చట. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ మనసు సరైన చోటే ఆగింది. ముందు మీ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి, ఏ నిజాం? 1869 నుంచి 1911 దాకా మహబూబ్ అలీ ఖాన్, పాలమూరు పేరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఈయన పేరు మీదే. ఆ తర్వాత 1948 దాకా ఉస్మాన్ అలీ ఖాన్. ఎవరు, ఏ ఏడు, ఏ పని మీద వచ్చారు? హైదరాబాద్ ప్రభువు ఒక ఊళ్లో మూడు రాత్రులు ఉన్నాడంటే ఆ ఊరికి ముందే డేరాలొస్తాయి, పరివారం వస్తుంది, రోడ్డు బాగుచేస్తారు, మేతలూ వంట సరుకులూ లెక్క రాస్తారు. అంత పెద్ద రాక ఏ కాగితంలోనూ జాడ లేకుండా పోదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నిజాం సర్కారు గెజిట్ జరీదాలు, పాత దఫ్తర్లు అక్కడ చూడొచ్చు.

చాలాసార్లు తేలేది ఏమిటంటే, వచ్చింది నిజాం కాదు, నిజాం సర్కారు తాలూక్‌దార్ (ఇప్పటి కలెక్టరు లాంటివాడు), లేదా బందోబస్తు (భూమి కొలిచి శిస్తు నిర్ణయించడం) చేసే అధికారి. జమాబందీ కోసం, అంటే శిస్తు లెక్కలు తేల్చడానికి వచ్చి, ఊళ్లో పెద్ద ఇల్లు ఇదే కాబట్టి ఇక్కడ దిగాడు. తరాలు మారేకొద్దీ ‘నిజాం మనిషి’ కాస్తా నిజాం అయిపోయాడు. మీ ఇంట్లో జరిగింది కూడా ఇదే అయితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నిజానికి అదే మంచి కథ. ఒక తాలూక్‌దార్ ఊరికొస్తే భూమి శిస్తు ఎలా తేల్చేవాళ్లు, పట్వారీ ఎక్కడ కూర్చునేవాడు, రైతులు ఎక్కడ నిలబడేవాళ్లు... ఆ వసారాలోనే నిలబెట్టి ఇవన్నీ చెబితే అతిథి ఎక్కడా వినని సంగతులు వింటాడు. నిజాం మంచం అయితే హైదరాబాద్ మ్యూజియంలోనే చూస్తాడు.

మీ ఇంటి చరిత్ర మీరే వెతుక్కోండి, పెద్ద చదువులేమీ అక్కర్లేదు. పెట్టెల్లో ఉన్న కాగితాలు ముందు ఎండకు కాకుండా నీడలో ఆరబెట్టండి. 1880ల దాకా సర్కారు భాష ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ, కాబట్టి మీ ఊరి మసీదులోనో పాత బడిపంతుళ్లలోనో ఉర్దూ చదవగలిగే పెద్దాయనను బతిమాలి చదివించుకోండి. కాగితం మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1357 ఫసలీ అంటే 1947-48 అన్నమాట. తహసీల్ ఆఫీసులో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ (రెండూ పాత భూమి రికార్డులు) నకళ్లు అడగండి, భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో తెలుస్తుంది. దర్వాజ మీద చెక్కిన అంకెలు, పెళ్లి శుభలేఖలు, పాత ఫొటోల వెనక రాతలు, అన్నీ సాక్ష్యాలే. పెద్దవాళ్లను ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఇది రేపటికి వాయిదా వేయొద్దు.

ఇక బోర్డు మీద రెండు వరసలు పెట్టండి. ఒకటి, కాగితం ఉన్న మాట. రెండోది, మా ఇంట్లో చెప్పుకునే మాట. మామగారి కథను రెండో వరసలో నిస్సంకోచంగా రాయండి, ఆయన అబద్ధం చెప్పారని కాదు, ఆయన విన్నది చెప్పారు. అతిథికి ఈ తేడా స్పష్టంగా చూపించే ఇల్లు నాకు తెలిసి తక్కువ, ఆ నమ్మకానికి రేటు ఎక్కువే పెట్టొచ్చు. అర్రకు పేరంటారా, అది ఇంతకుముందు ఏ పనికి వాడేవాళ్లో అదే పేరు పెట్టండి. కచేరి అర్ర, వడ్ల అర్ర, పురుటి అర్ర. ఈ పేర్లు ఏ హోటల్‌కూ దొరకవు.

ప్రశ్న: సూర్యాపేట వైపు నుంచి రాస్తున్నాను. మా నాయనమ్మ ఒక గడిలో వెట్టి చాకిరీ చేసింది. ఇప్పుడు ఆ గడిని బాగుచేసి పెద్ద రేటుకు అర్రలు ఇస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఆ డబ్బు పెట్టగలను కాబట్టి ఒక రాత్రి ఉండి వచ్చాను. దొరగారి వేట గురించి, కారు గురించి, దానధర్మాల గురించి చెప్పారు. వెట్టి మాటే లేదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి చోట్లకు వెళ్లడమే తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీ నాయనమ్మ వెనక దర్వాజ నుంచి వెళ్లిన ఇంట్లోకి మీరు ముందు దర్వాజ నుంచి వెళ్లారు, ఆ హక్కు మీది. తప్పు అక్కడ కథ చెప్పినవాళ్లది.

గడి అంటే దొర ఒక్కడి ఇల్లు కాదు. చాకలి ఊరికే బట్టలు ఉతికి, కుమ్మరి ఊరికే కుండలిచ్చి, గొల్ల మేకను తోలిచ్చి, మాదిగ చెప్పులూ తోలు పనులూ చేసిపెట్టి, రైతు తన పొలం వదిలి ముందు దొర పొలం దున్నితే నిలబడిన ఇల్లు అది. ఆ గోడల్లో రాయి మోసింది కూడా వాళ్లే. ఇవన్నీ దాచి దొర కారు గురించి మాత్రమే చెబితే అది సగం చరిత్ర కూడా కాదు. నల్లగొండ జిల్లా గడ్డ మీద కూర్చుని వెట్టి మాట ఎత్తకపోవడం నాకైతే క్షమించరానిదిగా కనిపిస్తుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయింది విసునూరు దేశ్‌ముఖు మనుషుల చేతుల్లో. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తన ఇంటికే చేర్చుకుంటానని నిలబడింది ఆ దేశ్‌ముఖుకు ఎదురుగానే. ఈ ఊళ్లు ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి కానీ అప్పుడు నల్లగొండే. 1951 దాకా సాగిన ఆ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో ఎన్నో గడీలు ఖాళీ అయ్యాయి, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది, 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని దేశంలోనే అందరికంటే ఎక్కువ ఓట్లతో, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో, పార్లమెంటుకు పంపారు. ఆ గడి ఎందుకు పాడుబడిందో, ఎందుకు దాన్ని ఇవాళ ‘బాగుచేయాల్సి’ వచ్చిందో ఈ కథ లేకుండా ఎవరూ చెప్పలేరు.

మీరు చేయగలిగింది ఒకటుంది. నాయనమ్మ చెప్పిన సంగతులు, ఏ పొద్దున ఏ పని, ఎక్కడ కూర్చోనిచ్చేవాళ్లు, ఏం పెట్టేవాళ్లు, రెండు పేజీలు రాసి ఆ యజమానులకు పంపండి. కోపంతో రాయొద్దని నేను చెప్పను, కోపం ఉంటే ఉండనీయండి. ఇవాళ ఆ ఇల్లు నడుపుతున్నది దొర మనవలే కావచ్చు, తాతల పాపం వాళ్ల చేతులకు అంటుకుని లేదు, కానీ నోరు విప్పాల్సిన బాధ్యత మాత్రం వాళ్లదే.

గడీల యజమానులు ఈ శీర్షిక చదువుతున్నారని తెలుసు, అందుకే నేరుగా అడుగుతున్నాను. దివాన్‌ఖానాలో తాతగారి ఫొటో ఉంచండి, ఎవరూ వద్దనరు. పక్కనే ఊళ్లో వెట్టి చేసిన కుటుంబాల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, రాసి పెట్టండి. గడి చూపించే పని ఆ కుటుంబాల పిల్లలకే జీతమిచ్చి అప్పగించండి, వాళ్ల ఇళ్లలో చెప్పుకునే మాటలు వాళ్ల నోటితోనే అతిథులు వింటారు. అతిథులు బెదిరిపోతారని భయపడకండి. ఇంత దూరం వచ్చి పాత ఇంట్లో పడుకోవాలనుకునే మనిషి నిజం వినడానికే వస్తాడు.

ప్రశ్న: మేం సోమశిల దగ్గర ఉంటాం. మా ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. అప్పుడు పాత ఇంటి దర్వాజలు, స్తంభాలు ఊడదీసి తెచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. టూరిస్టులు బాగా వస్తున్నారు, కానీ మాది నలభై ఏళ్ల ఇల్లే కదా, చరిత్ర ఉన్న ఇల్లని ఎలా చెప్పుకోవాలి?

జవాబు: మీ ఇంటి కంటే చరిత్ర ఉన్న ఇల్లు ఆ చుట్టుపక్కల దొరకదు. కృష్ణా, తుంగభద్రల మధ్యా ఆ ఒడ్డులోనూ ఎన్నో ఊళ్లు 1980ల మొదట్లో నీళ్లలోకి వెళ్లాయి. దేవుళ్లూ లేచి నడిచారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాయికి అంకె వేసి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, కొల్లాపురం మాధవస్వామి గుడి, మీ సోమశిల లలితా సోమేశ్వరుడు, అందరూ అలా పైకి వచ్చినవాళ్లే. గుళ్లను పురావస్తు శాఖ మోసుకొచ్చింది, ఇళ్లను మీరే మోసుకొచ్చారు. ఆ దర్వాజ ముందు నిలబడి ఈ మాట చెబితే చాలు.

ఒక పెద్ద కాగితం మీద మునిగిన ఊరి పటం గీయించండి. ఎవరి ఇల్లు ఎక్కడ, బావి ఎక్కడ, రచ్చకట్ట ఎక్కడ, ముసలివాళ్లు కళ్లు మూసుకుని చెబుతారు. దాన్ని అర్రలో గోడకు పెట్టండి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చోట్లుంటే అతిథులను అక్కడికి తీసుకెళ్లండి, బురద సంగతి తెలిసిన మనిషి వెంట లేకుండా మాత్రం వద్దు. మీకు వచ్చిన పరిహారం ఎంత, ఎప్పుడు చేతికొచ్చింది అన్నది కూడా చెప్పండి. లాంచీ ఎక్కి నీళ్ల అందం చూసి వెళ్లేవాళ్లకు ఆ నీళ్ల కింద ఏముందో తెలియాలి.

ప్రశ్న: అచ్చంపేట వైపు మా ఇంట్లో తాతల నాటి జింక కొమ్ములు, ఒక పులి చర్మం, తుపాకీ, పొలంలో దొరికిన రెండు రాతి విగ్రహాలు ఉన్నాయి. అతిథుల అర్రలో అలంకరిస్తే బాగుంటుందా?

జవాబు: వద్దు, ఒక్కటి కూడా వద్దు. కొమ్ములకు, చర్మానికి 1972 వన్యప్రాణి చట్టం కింద యాజమాన్య పత్రం ఉండాలి, లేకపోతే ఇంట్లో ఉంచుకోవడమే నేరం, పైగా మీది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్క ఊరు. లాయర్‌ను కలిసి ఆయన వెంట ఉండగా అటవీ శాఖతో మాట్లాడండి. తుపాకీకి లైసెన్సు లేకపోతే అదీ అంతే. భూమిలో దొరికిన విగ్రహాలు మీవి కావు, నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన శిల్పాలను రిజిస్టర్ చేయించాలని ఇంకో చట్టం కూడా ఉంది. వాటిని పురావస్తు శాఖకు అప్పగిస్తే జిల్లా మ్యూజియంలో మీ ఊరి పేరుతో ఉంటాయి. అర్ర గోడ ఖాళీగా ఉందంటారా, నల్లమల చెంచుల దగ్గర వెదురు బుట్టలు న్యాయమైన ధర ఇచ్చి కొనండి.

ప్రశ్న: గద్వాల నుంచి. పొద్దున టిఫిన్‌లో ఏం పెట్టాలి? సిటీవాళ్లకు బ్రెడ్ ఆమ్లెట్, ఇడ్లీ లేకపోతే నడవదని మా ఆయన అంటారు.

జవాబు: ఆమ్లెట్ ఎలాగూ రెండు నిమిషాల పని, అడిగినవాళ్లకు వేసివ్వండి. కానీ మీది నడిగడ్డ (కృష్ణా తుంగభద్రల నడుమ సీమ), ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల ఉప్మా) బజ్జీ మీ ఊళ్లో పొద్దున్నే ప్రతి సెంటర్లో దొరుకుతుంది, దాన్ని ఇంట్లో శుభ్రంగా చేసి పెట్టండి. వేడి జొన్న రొట్టె, పల్లీల పొడి, ఎర్ర కారం, గడ్డ పెరుగు. రొట్టె వాళ్ల ముందే తట్టండి, ప్రయత్నిస్తామంటే ఒక ముద్ద వాళ్ల చేతికివ్వండి, పిల్లలైతే వదలరు. కారం ఒక పక్కన వేరేగా పెట్టడం మరవకండి. వానాకాలం అయితే అనప గుడాలు. చీరలు చూడాలని అడుగుతారు, షాపు కంటే ముందు మగ్గం దగ్గరికి తీసుకెళ్లండి, నూలు ఒళ్లుకు పట్టు అంచును ఎలా కలుపుతారో చూశాక ధర గురించి బేరమాడే నోరు వాళ్లకు రాదు.

ప్రశ్న: నల్లగొండ టౌన్‌లో మా ఇల్లు. వచ్చినవాళ్లు ‘ఇక్కడ చూడ్డానికి ఏముంది’ అంటారు, సాగర్ చూసి వెళ్లిపోతారు. రెండో రోజు కూడా ఉండేలా ఏం చూపించాలి?

జవాబు: పానగల్లు మీకు ఆటో దూరం. కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. చుట్టూ ఉన్న స్తంభాల సందుల్లోంచి వెలుతురు లోపలికి వచ్చే తీరులోనే ఆ రహస్యమంతా ఉంది. మహిమ అని వదిలేయకండి, అతిథిని ఆ స్తంభాల మధ్య అటూ ఇటూ నడిపించి, ఏ నీడ ఎక్కడ పడుతోందో వాళ్లనే కనుక్కోమనండి, గంట ఎలా గడిచిందో తెలియదు. దగ్గరే పచ్చల సోమేశ్వరాలయం, గోడల మీద రామాయణ భారత కథలు, పక్కనే మ్యూజియం. సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద నడక.

రెండో రోజు వాళ్ల ఇష్టాన్ని బట్టి. బౌద్ధం మీద ఆసక్తి ఉంటే సూర్యాపేట దాటి ఫణిగిరి గుట్ట, లేదా సాగర్‌లోనే 2022లో తెరిచిన బుద్ధవనం. నడవగలిగే కుర్రాళ్లయితే భువనగిరి కోట, ఏకశిల గుండు ఎక్కాలి కాబట్టి పొద్దున ఆరింటికే బయల్దేరదీయండి, పది దాటితే రాయి కాలుతుంది. అదే 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల సంఘం) సమావేశం జరిగిన ఊరని దారిలో చెప్పండి. తిరిగి హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే పోచంపల్లి మీదుగా పంపండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్ల కోసం వంద ఎకరాలు భూదానంగా ఇచ్చింది అక్కడే, మగ్గాలూ ఉన్నాయి. వెళ్లేముందు ఆటోవాళ్ల నంబర్లు రెండు, రానుపోను రేటు రాసి చేతిలో పెట్టండి, మన దగ్గర టూరిస్టుకు అసలు కష్టం అక్కడే.